ఫ్యాక్టరీ గడప దగ్గర చెరిపేసిన అంకె

మా ల్యాబులో నాకు రాయడం ఇష్టం లేని అంకె ఒకటుంది. 6.

అదేమిటో చెప్పాలంటే మేం చేసే పని కొంచెం చెప్పాలి. రోగి మూత్రం నుంచో రక్తం నుంచో పెరిగిన బ్యాక్టీరియాను సెలైన్‌లో పల్చగా కలిపి, ముల్లర్ హింటన్ అగర్ అనే జెల్లీ లాంటి పోషకం పోసిన ప్లేటు మీద దూదిపుల్లతో అంతటా పూస్తాం. పైన చిన్న చిన్న తెల్ల కాగితపు బిళ్ళలు అంటిస్తాం. ఒక్కో బిళ్ళలో ఒక్కో యాంటీబయాటిక్ ఉంటుంది. రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచి పొద్దున తీస్తే, మందు పనిచేసిన బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ జాగా కనిపిస్తుంది. దాన్ని జోన్ అంటాం. ప్లేటు తిరగేసి, స్కేలు పెట్టి, మిల్లీమీటర్లలో కొలుస్తాం. ఈకోలై అనే బ్యాక్టీరియా మీద సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ళకు 26 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మందు పనిచేస్తుందని ఎస్ రాస్తాం. 21 లేదా అంతకు తక్కువైతే ఆర్, అంటే ఆ మందుకు బ్యాక్టీరియా లొంగదని. ఇక బ్యాక్టీరియా బిళ్ళ అంచును తాకేదాకా దట్టంగా పెరిగి, జోన్ అనేదే లేకపోతే 6 అని రాస్తాం. ఎందుకంటే బిళ్ళ వ్యాసమే 6 మిల్లీమీటర్లు. మందు అక్కడ ఉన్నా లేనట్టే.

మూడేళ్ళ కిందట అమ్మకు మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చాయి. చెబితే నేను డ్యూటీ మానుకుని వస్తానని నాకు చెప్పలేదు. ఊళ్ళో సూది వేసే ఆయన ఇచ్చిన మాత్రలు ఒక కోర్సు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి ఇంకో కోర్సు వాడింది. తగ్గకపోయేసరికి అప్పుడు ఫోన్ చేసింది. శాంపిల్ నేనే వేశాను. రెండు రోజుల తర్వాత ప్లేటు తీసి చూస్తే ఆరు బిళ్ళల్లో నాలుగింటి చుట్టూ ఖాళీ జాగా లేదు. సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ళ అయితే పచ్చిక మధ్య రాయిలా బ్యాక్టీరియాలో కూరుకుపోయి ఉంది. అమ్మ రిపోర్టు చేతిలో పట్టుకుని, "ఏం రాసినవ్ బిడ్డా అండ్ల? అన్నీ ఒక్కటే అక్షరమున్నది" అంది. వారం రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంజెక్షన్లు చేయిస్తే గానీ జ్వరం దిగలేదు.

ఆ నాలుగు ఆర్‌లు ఎక్కడికి వెళ్ళాయి? డాక్టర్‌గారి ఫైల్లోకి, మా కంప్యూటర్లోకి. అంతే. దేశం లెక్కలోకి రాలేదు, ప్రపంచం లెక్కలోకీ రాలేదు. మాలాంటి మామూలు ల్యాబుల్లో రోజూ రాసే ఆర్‌లు ఎవరూ అడగరు.

ప్రపంచానికి ఒక లెక్కల పుస్తకం లేకపోలేదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ నిరోధకత మీద, అంటే బ్యాక్టీరియా మందుకు లొంగకపోవడం మీద, ఒక అంతర్జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. అదే ఏడాది గ్లాస్ అనే నిఘా వ్యవస్థనూ మొదలుపెట్టింది. దేశాలు తమ ల్యాబుల ఫలితాలను దానికి పంపుతాయి. 2025 అక్టోబరులో వచ్చిన నివేదికలో 2023కి సంబంధించి 104 దేశాల లెక్కలున్నాయి. ల్యాబులో నిర్ధారణ అయిన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ప్రపంచవ్యాప్తంగా ప్రతి ఆరింటిలో ఒకటి మందుకు లొంగడం లేదు. భారతదేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతంలో మూడింటిలో ఒకటి. అంతకుముందే, 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం 2019 ఒక్క ఏడాదిలో ఈ నిరోధకత వల్లే నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా వేసింది. దీనితో సంబంధం ఉన్న మరణాలన్నీ కలిపితే 49.5 లక్షలు.

ఈ అంకెలు అబద్ధమని నేను అనడం లేదు. కానీ ప్లేటు ముందు కూర్చునే మనిషిగా అవి ఎలా పుడతాయో నాకు తెలుసు. మన దగ్గర లెక్కకు వచ్చేవి ఎక్కువగా పెద్దాసుపత్రులు, మెడికల్ కాలేజీల ల్యాబులు. అక్కడిదాకా వచ్చేవాళ్ళు అమ్మలాగే అప్పటికే రెండు మూడు కోర్సులు మింగి, ఏదీ పనిచేయక వచ్చినవాళ్ళు. మొదటి జ్వరానికే కల్చర్ టెస్టు ఎవరు చేయిస్తారు? దాని ఖర్చుతో రెండు కోర్సుల మాత్రలు వస్తాయి. పైగా రిపోర్టుకు రెండు మూడు రోజులు ఆగాలి. అందుకని కథ చివరి అంకంలో ఉన్నవాళ్ళ రక్తమే మనం లెక్కపెడుతున్నాం. మొదటి అంకం ఎలా ఉందో, ఎక్కడ మొదలైందో ఆ లెక్క చెప్పదు. ఈ విషయంలో కేరళను మెచ్చుకోవాలి. 2018లో సొంత కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకున్న మొదటి రాష్ట్రం అది. తర్వాత రాష్ట్రం మొత్తానికి ఏ మందు ఎంత పనిచేస్తోందో యాంటీబయోగ్రామ్ తయారుచేసి బయటపెట్టింది. చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ అమ్మే షాపుల మీద దాడులు చేసింది. మన ఆంధ్రప్రదేశ్ కూడా ప్రణాళిక రాసుకుంది.

ఇన్నేళ్ళ ఈ పనిలో నాకు బోధపడింది ఒకటుంది. ఏది కొలవాలో తేల్చుకోవడమే అసలు విధానం. ఒకసారి కొలిస్తే ఏదో ఒకటి చేయక తప్పదు. చేయడం ఇష్టం లేని చోట ముందు ఆ కొలతనే పక్కన పెడతారు.

కొలిస్తే ఏమవుతుందో డెన్మార్క్ చూపించింది. 1994లో ఆ దేశంలో మనుషుల వైద్యానికి వాడిన వాంకోమైసిన్ మొత్తం 24 కిలోలు. దానికి దగ్గరి చుట్టమైన అవోపార్సిన్ అనే మందును కోళ్ళు, పందులు త్వరగా బరువెక్కాలని దాణాలో కలిపేవాళ్ళు. అది ఆ ఏడాది 24,000 కిలోలు. వెయ్యి రెట్లు! మనిషికి చివరి అస్త్రంగా దాచుకున్న మందు అన్నదమ్ముణ్ణి దాణాలో కలిపి పోస్తున్నారన్నమాట. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూశాక 1995లో అవోపార్సిన్‌ను నిషేధించారు. అదే ఏడాది డాన్‌మ్యాప్ అనే నిఘా మొదలుపెట్టారు. పశువుల్లో, మాంసంలో, మనుషుల్లో నిరోధకతను ఒకే పుస్తకంలో రాయడం అక్కడే మొదలైంది. ఆ సంవత్సరం బ్రాయిలర్ కోళ్ళ నుంచి తీసిన ఎంటరోకాకస్ ఫీషియమ్ బ్యాక్టీరియాలో దాదాపు 73 శాతం ఆ మందుకు లొంగేది కాదు. 2000 నాటికి అది 6 శాతానికి పడిపోయింది.

నాకు అంతకన్నా ముఖ్యంగా అనిపించేది పందుల సంగతి. నిషేధించినా పందుల్లో నిరోధకత తగ్గలేదు. కొలుస్తున్నారు కాబట్టి తగ్గలేదని తెలిసింది. తెలిసింది కాబట్టి ఎందుకో వెతికారు. పందులకు ఇంకా టైలోసిన్ అనే వేరే మందు వేస్తున్నారు. ఆ మందును తట్టుకునే జన్యువు, వాంకోమైసిన్‌ను తట్టుకునే జన్యువు రెండూ ఒకే ప్లాస్మిడ్ మీద, అంటే బ్యాక్టీరియాలు ఒకదానికొకటి పంచుకునే చిన్న డీఎన్ఏ ముక్క మీద ఉన్నాయి. ఒకదానికి తిండి పెడితే రెండోదీ బతుకుతోంది. 1998లో టైలోసిన్ వాడకం తగ్గించాక పందుల్లోనూ దిగొచ్చింది. ప్లేట్లు వేసి, అంకెలు రాసి, ఏడాదికేడాది పోల్చుకునేవాళ్ళు లేకపోతే "నిషేధించాం కదా, అయిపోయింది" అని అందరూ ఇంటికెళ్ళిపోయేవాళ్ళు. 2010 నుంచి ఏ ఫారంలో పందులకు వాడకం పరిమితి దాటితే ఆ ఫారానికి పసుపు కార్డు ఇవ్వడం కూడా మొదలుపెట్టారు. ఫారం దాకా, కొట్టం దాకా లెక్క ఉంది కాబట్టి కార్డు ఎవరికివ్వాలో వాళ్ళకు తెలుసు.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను.

మా పెద్దమ్మవాళ్ళ ఊరు పటాన్‌చెరు అవతల. చిన్నప్పుడు సెలవులకు వెళితే వాగు దగ్గరికి వెళ్ళొద్దని చెప్పేవాళ్ళు. నీళ్ళు ఒకరోజు గోధుమ రంగులో, ఇంకోరోజు ఎర్రగా, పైన నురగ కట్టి ఉండేవి. "రాత్రయితే వాసన ఎక్కువైతది బిడ్డా, కిటికీలు బంద్ చేసుకొని పండుకుంటం" అనేది పెద్దమ్మ. బర్రెలు తాగవని, తాగినవి ఈసుకుపోతాయని, అంటే కడుపు పోతుందని ఊళ్ళో అందరూ చెప్పుకునేవాళ్ళు. ఆ నీళ్ళలో ఏముందో అప్పుడు మాకెవరికీ తెలియదు. మందుల కంపెనీల నీళ్ళని మాత్రం తెలుసు.

అందులో ఏముందో 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ప్రచురించింది. దాదాపు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థజలం వచ్చే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికి వదిలే నీటిని వాళ్ళు పరీక్షించారు. శుద్ధి అయ్యాక, ఆ మాట గుర్తుపెట్టుకోండి. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది.

ఈ అంకె చాలామందికి ఏమీ చెప్పకపోవచ్చు. నా బిళ్ళల భాషలో చెబుతాను. మేం ప్లేటు మీద పెట్టే సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ళలో ఉండే మందు 5 మైక్రోగ్రాములు. ఆ నీరు ఒక్క టీస్పూన్, అంటే 5 మిల్లీలీటర్లు తీసుకుంటే, అందులో 155 మైక్రోగ్రాముల మందుంది. 31 బిళ్ళలు. ఇంకోలా చెప్పాలంటే, 500 ఎంజీ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో మందు పతాకస్థాయిలో ఉన్నప్పుడు మిల్లీలీటరుకు సుమారు రెండున్నర మైక్రోగ్రాములు ఉంటుంది. ఆ నీటిలో మిల్లీలీటరుకు 31. మాత్ర వేసుకున్న మనిషి ఒంట్లో కంటే పన్నెండు రెట్లు చిక్కగా వాగులోకి పోతోంది. రోజుకు మొత్తం దాదాపు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ అలా పోతోందని వాళ్ళు లెక్కకట్టారు.

బ్యాక్టీరియాకు ఇది బడి లాంటిది. మందు తట్టుకోలేనివి చచ్చిపోతాయి, తట్టుకున్నవి మిగిలి పిల్లల్ని పెడతాయి, తట్టుకునే జన్యువును పక్కవాటికీ పంచుతాయి. 2011లో ఆ దిగువ వాగు అడుగున తీసిన బురదలో నిరోధకత జన్యువులు, వాటిని ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి మోసే జన్యు భాగాలు పెద్దఎత్తున కనబడ్డాయి. 2016 నవంబరులో జర్మనీ నుంచి వచ్చిన ఒక బృందం హైదరాబాద్ చుట్టుపక్కల 28 చోట్ల నీళ్ళు తీసి పరీక్షించింది. దాదాపు అన్ని చోట్లా పలు మందులకు లొంగని బ్యాక్టీరియా దొరికింది. నీటిలో నిరోధకత పెరగకుండా ఉండాలంటే సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 0.064 మైక్రోగ్రాములు దాటకూడదని అదే ఏడాది లార్సన్ మరో శాస్త్రవేత్తతో కలిసి ప్రతిపాదించారు. 2007లో ఆ పైపులోంచి వచ్చింది లీటరుకు 31,000 మైక్రోగ్రాములు.

అమ్మ జబ్బుకీ ఆ వాగుకీ ముడిపెట్టడం లేదు. అలా ముడిపెట్టే ఆధారం నా దగ్గర లేదు, ఏ ఒక్క రోగి విషయంలోనూ అలా చెప్పడం కుదరదు. మనుషులు ఇష్టం వచ్చినట్టు మింగడం, ఆసుపత్రుల్లో చేతులు సరిగ్గా కడగకపోవడం, ఊళ్ళకు ఊళ్ళు మురుగు శుద్ధి లేకపోవడం, ఇవన్నీ పెద్ద కారణాలే. వాటిని నేను తక్కువ చేయను. కానీ ఒక తేడా ఉంది. కోట్లమంది అలవాటు మార్చాలంటే తరాలు పడుతుంది. ఫ్యాక్టరీ పైపుకు అడ్రస్ ఉంటుంది. లైసెన్సు ఉంటుంది. దాని మీద సంతకం పెట్టిన మేనేజర్ ఉంటాడు. ఇంత పెద్ద సమస్యలో ఇంత తేలిగ్గా చేయి పెట్టి ఆపగలిగిన చోటు నాకు ఇంకోటి కనబడదు.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ సరిగ్గా అదే చేయబోయింది. మందుల పరిశ్రమ వదిలే నీటిలో 121 యాంటీబయాటిక్స్‌కు ఒక్కోదానికి ఒక్కో పరిమితి పెడుతూ ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చింది. అది చదివిన రోజు నాకు నిజంగా కడుపు నిండినట్టయింది. మన దేశం ఈ పనిలో ప్రపంచానికి దారి చూపబోతోందని మా ల్యాబులో అందరికీ చెప్పాను. పరిశ్రమ సంఘాలు ఈ పరిమితులు మరీ కఠినమని అభ్యంతరం చెప్పాయి. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. మిగతా ప్రమాణాలున్నాయి. ఆ 121 అంకెలు లేవు.

పరిమితులు కఠినమైతే సడలించవచ్చు. అయిదేళ్ళ గడువు ఇవ్వవచ్చు. పెద్ద కంపెనీలకు ముందు, చిన్నవాటికి తర్వాత అనవచ్చు. ఏదీ కుదరకపోతే పరిమితి లేకుండా కొలిచి రిపోర్టు మాత్రం ఇవ్వమనవచ్చు. ఇవేవీ జరగలేదు. అంకె రాసే గడినే తీసేశారు. నాకు బాధంతా అక్కడే.

ఇది మన ఒక్కరి కథ కాదు. 2024 సెప్టెంబరు 26న ఐక్యరాజ్యసమితిలో దేశాధినేతలు ఈ విషయం మీద రెండోసారి కూర్చున్నారు. 2030 నాటికి ఈ మరణాలను 10 శాతం తగ్గించాలని, వాడే యాంటీబయాటిక్స్‌లో 70 శాతం సురక్షితమైన మొదటి వరస మందులే ఉండాలని ప్రకటనలో అంకెలు రాసుకున్నారు. మంచిదే. పశువులకూ పంటలకూ వాడే మందులను 30 శాతం తగ్గించాలని తొలి ముసాయిదాలో ఉండేది. చర్చలయ్యేసరికి ఆ అంకె పోయి "చెప్పుకోదగినంతగా తగ్గించేందుకు కృషి" అన్న ధోరణి మాటలు మిగిలాయి. వ్యర్థజలాలకు అయితే లక్ష్యమంటూ అంకే లేదు. ఎక్కడ డబ్బున్నవాళ్ళకు ఇబ్బందో అక్కడ అంకె పోతుంది. రోగికీ డాక్టరుకూ మాత్రం అంకెలు మిగులుతాయి. అదే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద మొదటిసారి మార్గదర్శకాలు తెచ్చింది. అవి సలహాలే, ఎవరినీ కట్టిపడేసేవి కావు.

కొనేవాడు అడిగితే కొలత ఎంత త్వరగా వస్తుందో భీమవరం రైతును అడగండి. రొయ్యల చెరువు పట్టుబడికి ముందు శాంపిల్ ల్యాబుకు పోవాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్స్ అవశేషాలు లేవని కాగితం రావాలి. లేకపోతే యూరప్‌కు సరుకు పోదు. 2016లో యూరోపియన్ యూనియన్ మన రొయ్యల కంటైనర్లలో తనిఖీ చేసేవాటిని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. రెండెకరాల చెరువు చేసే రైతు, వడ్డీకి తెచ్చి మేత పోసే రైతు ఆ టెస్టు చేయించుకుంటున్నాడు. టెస్టు రోజున ఆయన పడే టెన్షన్ ఇంట్లోవాళ్ళనడిగితే చెబుతారు. ఆయన చేయగలిగినది వందల కోట్ల టర్నోవర్ ఉన్న సంస్థ చేయలేదంటే నేనెలా నమ్మను?

మందుల విషయంలోనూ కొనేవాళ్ళు అడగడం మొదలైంది. నార్వే 2019 నుంచి ఆసుపత్రుల యాంటీబయాటిక్ టెండర్లలో ధరతో పాటు తయారీ చోట పర్యావరణ జాగ్రత్తలకూ మార్కులు వేస్తోంది. 2022లో పరిశ్రమ కూటమి ఒకటి స్వచ్ఛందంగా తయారీ ప్రమాణం రాసుకుంది. మరుసటి ఏడాది నుంచి బ్రిటిష్ ప్రమాణాల సంస్థ దాని మీద సర్టిఫికెట్ ఇస్తోంది. మన దేశంలోని ఫ్యాక్టరీలకూ కొన్నింటికి అది వచ్చింది. చేతనవుతుందని తేలిపోయింది. ఇక మన ప్రభుత్వ ఆసుపత్రులకు టన్నులకొద్దీ మందులు కొనే మన సంస్థలు ఈ ఒక్క ప్రశ్న టెండర్లో ఎందుకు వేయవు?

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. మందుల ధర పెరుగుతుంది, పేదవాడికి అందదు, ఉద్యోగాలు చైనాకు పోతాయి. ధర మాట నేను తేలిగ్గా తీసుకోను. యాంటీబయాటిక్ దొరక్క చనిపోయేవాళ్ళు ఈ దేశంలో ఇంకా ఉన్నారు. కానీ అమ్మ వారం రోజుల ఆసుపత్రి బిల్లు కట్టింది నేను. రూపాయల్లో దొరికే మాత్ర పనిచేయక వేలల్లో పడే ఇంజెక్షన్‌కు పోవాల్సి వచ్చిన ఇల్లు ఈ చవకకు ధర కడుతూనే ఉంది. అది కంపెనీ బ్యాలెన్స్ షీటులో కనబడదు, అంతే తేడా.

ఇప్పుడు చాలా కంపెనీల దగ్గర జీరో లిక్విడ్ డిశ్చార్జ్ ఉంది, చుక్క కూడా బయటికి పోదంటారు. 2007 నాటి పరిస్థితి ఇప్పుడు లేదంటారు. నిజమే కావచ్చు, నిజమవ్వాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను. ఆ మాట నిరూపించుకోవడానికి అయినా కొలత ఉంటే వాళ్ళకే మంచిది కదా. నిజాయితీగా ఖర్చుపెట్టి నీళ్ళు శుభ్రం చేసే కంపెనీకీ, వానాకాలం రాత్రి ట్యాంకర్‌తో నాలాలో పారబోసేవాడికీ తేడా ఇవాళ ఏ కాగితంలో కనిపిస్తుంది?

మందుల ఫ్యాక్టరీల బయట నీటికి ఇప్పటికే ఆన్‌లైన్ మీటర్లున్నాయి. నీటి కాలుష్యం ఎంతో చెప్పే పీహెచ్, సీఓడీ, బీఓడీ లాంటి లెక్కలు ఎప్పటికప్పుడు కాలుష్య నియంత్రణ మండలి సర్వరుకు పోతుంటాయి. యాంటీబయాటిక్ ఆ మీటరుకు అందదు, దానికి శాంపిల్ తీసి ఎల్‌సీఎంఎస్ లాంటి యంత్రంలో పెట్టాలి. ఆ యంత్రం ఎక్కడుంది? మందుల కంపెనీల ల్యాబుల్లోనే ఉంది. మాత్రలో మలినం ఎంతుందో మిలియన్‌లో వంతుల్లో కొలిచి అమెరికాకు రిపోర్టు పంపే ఊరు మనది. ఆ పని చేసే కెమిస్టులు నాకు స్నేహితులు. నెలకోసారి ఒక సీసా వ్యర్థజలం పరీక్షించడం వాళ్ళకు పూటపని.

ఢిల్లీ కోసం ఆగనక్కర్లేదు కూడా. కేంద్రం పెట్టిన ప్రమాణాల కంటే కఠినమైనవి పెట్టుకునే అధికారం పర్యావరణ పరిరక్షణ నియమాల కింద రాష్ట్ర మండళ్ళకు ఉంది. ప్రతి ఫ్యాక్టరీ నడపడానికి మండలి నుంచి అనుమతి తీసుకోవాలి. తెలంగాణలో, విశాఖ వైపు మందుల ఫ్యాక్టరీలున్న ఆంధ్రలో, ఆ అనుమతి షరతులతోనే మొదలుపెట్టవచ్చు. తయారుచేసే యాంటీబయాటిక్ ఏదో, బయటికి పోయే నీటిలో, బురదలో అది ఎంతుందో, నెలకోసారి, బయటి ల్యాబులో తనిఖీ చేయించి, జనం చూసేలా వెబ్‌సైటులో పెట్టాలి. మొదటి రెండేళ్ళు జరిమానా వద్దు. అంకె రాస్తే చాలు.

నిన్న పొద్దున ఒక ఐదేళ్ళ పాప మూత్రం కల్చర్ ప్లేటు తీశాను. సిప్రోఫ్లాక్సాసిన్ దగ్గర స్కేలు పెట్టాను. 6 రాసి, కింద సంతకం చేశాను.